బొమ్మకు డెబ్బై రెండు

నర్సింగ్ కాలేజీ హాస్టల్,
టీచర్ల గదులు,
ఆగస్టు 28.

అక్కా,

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోన్ చేస్తే అమ్మ స్పీకర్ పెట్టమంటుంది. ఆ తర్వాత నా సంగతులు మీ ఆసుపత్రి క్వార్టర్స్‌లో నాలుగు వాకిళ్ళూ తిరిగొస్తాయి. అందుకని ఇది నీ ఒక్కదానికే.

ఇక్కడ చేరి ఎనిమిది నెలలు. మొదటి ఏడాది పిల్లలు ముప్పై ఎనిమిది మందికీ నేనే ట్యూటర్‌ని. నా ఉద్యోగం ఖాయం చేసేది నవంబరులో. ఈలోగా ఏ గొడవా రాకూడదని తల వంచుకుని పనిచేసుకుంటున్నాను. కానీ గొడవ దానంతట అదే వచ్చి నా బల్ల మీద కూర్చుంది.

ల్యాబ్‌లో మంచం మీద రబ్బరు బొమ్మ ఒకటి ఉంటుంది. పిల్లలు దాన్ని పెదనాన్నగారంటారు. ఒక చెవి ఊడిపోయింది, మిగతాదంతా బాగానే ఉంది. పోయిన వారం దాని మీదే ప్రాక్టికల్ టెస్టు పెట్టాం. చేతులు కడుక్కోవాలి, పేషెంటుతో మాట్లాడాలి, టెంపరేచరూ పల్సూ చూసి చార్టులో రాయాలి. ఒక అమ్మాయి పల్స్ దగ్గర నూట పద్దెనిమిది అని రాసింది. రబ్బరు బొమ్మకి!

సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ మేడమ్ అటు వచ్చారు. "ఎక్కడిదమ్మా ఈ నంబరు?" అని అడిగారు. "లెక్కపెట్టాను మేడమ్. కొట్టుకుంది" అంది ఆ పిల్ల, కళ్ళలోకి చూస్తూ. క్లాసంతా పడీ పడీ నవ్వింది. మేడమ్ మాత్రం నవ్వలేదు. చూడని దాన్ని చూశానని రాసే మనిషిని వార్డులోకి ఎలా పంపుతామన్నారు. వార్డు సిస్టర్లు కూడా ఈ పిల్ల గురించి అదే మాట అన్నారట. తను చూసిన పేషెంట్లందరికీ నూట పది, నూట పదిహేను రాస్తుందట. "నీ చేతిలో పడితే అందరికీ జ్వరమేనే" అని వెక్కిరిస్తారట.

పైగా అనాటమీలోనూ ఫిజియాలజీలోనూ సగం మార్కులు రాలేదు. అలాంటివాళ్ళు క్లాసులో ఆరుగురున్నారు. ఫైనల్ పరీక్షకి హాల్ టికెట్ ఎవరికి ఇవ్వకూడదో సెప్టెంబరు 30న జాబితా వేస్తారు. ఈ అమ్మాయి పేరు మొదటిదని అందరూ అనుకుంటున్నారు. క్లాసులో ఇప్పుడు తన పేరు పోయి 'నూట పద్దెనిమిది' మిగిలింది. వాళ్ళ నాన్న లిఫ్టు మెకానిక్. ఏడాది పోతే చదువు మానిపించి ఇంటికి తీసుకుపోతానన్నాడట.

ట్యూటర్‌గా నా అభిప్రాయం రాసివ్వమన్నారు. ఏం రాయాలో పాలుపోవడం లేదు. నువ్వు ఇరవై ఏళ్ళుగా వార్డు నడుపుతున్నావు. ఇలాంటివాళ్ళని ఎంతమందిని చూసుంటావో. చెప్పు.

నీ చిట్టి


ఆసుపత్రి క్వార్టర్స్,
మా వంటింటి బల్ల దగ్గర,
సెప్టెంబరు 4.

చిట్టీ,

నీ ఉత్తరం అమ్మకి దొరక్కుండా బియ్యం డబ్బా వెనక దాచాను. ఈ వయసులో నాకీ దొంగతనాలేమిటే.

ఆ పిల్లని అబద్ధం ఎందుకు చెప్పావని అడిగావా? అడిగే ఉంటావు. అలా అడిగితే ఎవరైనా ఏడుస్తారు, లేకపోతే మొండికేస్తారు. ఇంకో మాట అడుగు. ఎలా చూశావో నా చేతి మీద చూపించమ్మా, అని నీ చెయ్యి చాపు. నోరు మూసుకుని ఏ వేలు పెడుతుందో చూడు.

బొటనవేలు పెట్టిందంటే నీ సమస్య సగం తీరినట్టే. ఆ వేల్లో మన పల్స్ మనకే కొట్టుకుంటుంది. ఎదుటివాళ్ళదనుకుని మనదే లెక్కపెట్టుకుంటాం. మొదటి ఏడాది పిల్లల్లో ఇద్దరు ముగ్గురు ఏటా మా వార్డుకి ఇలాగే వస్తారు. బొమ్మ దగ్గర నూట పద్దెనిమిది వచ్చిందంటే, పాపం, ఆ పిల్ల గుండె ఎలా దడదడలాడుతుందో చూసుకో. మీ అందరినీ చూస్తే దానికంత భయమన్నమాట.

ఇంకోటి. మిగతా ముప్పై ఏడుమంది ఏం రాశారు?

మళ్ళీ అడుగుతున్నాను. ఆ చార్టులన్నీ నీ దగ్గరే ఉన్నాయిగా. తీసి చూడు.

అమ్మకి మోకాలి నొప్పి మామూలే. నువ్వు సన్నబడ్డావని ఫొటో చూసి బెంగ పెట్టుకుంది. ఆ ఫొటో రెండేళ్ళ కిందటిదని చెప్పినా వినదు.

నీ అక్క


హాస్టల్,
సెప్టెంబరు 9.

అక్కా,

బొటనవేలే.

నా చెయ్యి చాపాను. బొటనవేలు తెచ్చి నా మణికట్టు మీద గట్టిగా అదిమింది, వాచీ చూస్తూ నూట పన్నెండు అంది. నా పల్స్ నేను చూసుకుంటే డెబ్బై ఎనిమిది. ఎవరు నేర్పారు తల్లీ ఇలా అన్నాను. "మీరే మేడమ్" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. తర్వాత బొమ్మ దగ్గరికి వెళ్ళి ఆ రోజు ఎలా నిలబడ్డానో అలాగే నిలబడి చూసుకున్నాను. నా మూడు వేళ్ళూ బొమ్మ మణికట్టుకి నావైపున్నాయి. అవతలివైపు నుంచి చూసేవాళ్ళకి పైనున్న నా బొటనవేలు ఒక్కటే కనిపిస్తుంది. ఈ పిల్ల పొట్టిది, అవతలివైపు చివరి వరసలో నిలబడిందట. కనిపించింది కనిపించినట్టు నేర్చుకుంది. ముప్పై ఎనిమిది మందిని ఒక్క మంచం చుట్టూ నిలబెట్టి ఒక్కసారి చూపించి, "అర్థమైందా?" అన్నాను. "అయింది మేడమ్" అని కోరస్. నేను ముందుకి వెళ్ళిపోయాను.

మిగతావాళ్ళ చార్టులు చూశాను. ముప్పై ఒకటిలో డెబ్బై రెండు. నాలుగింటిలో డెబ్బై నాలుగు. రెండింటిలో డెబ్బై ఆరు. అందరికీ నేను పూర్తి మార్కులు వేశాను. బొమ్మకి డెబ్బై రెండు రాయడం మా కాలేజీలో రివాజు. ఎవరూ చెప్పరు, సీనియర్ల రికార్డు పుస్తకాలు చూసి రాసేస్తారు. నేను చదివిన చోటా అంతే. నాలుగేళ్ళూ బొమ్మకి డెబ్బై రెండు రాసే పాసయ్యాను. చూడకుండా రాసినవాళ్ళంతా మంచివాళ్ళయ్యారు. నిజంగా చెయ్యి పట్టుకుని లెక్కపెట్టిన పిల్ల ఒక్కతీ అబద్ధాలకోరైంది.

నీకు ఒకటి చెప్పలేదక్కా. మొదటి ఉత్తరం రాసేనాటికే నేను నా అభిప్రాయం రాసిచ్చేశాను. 'ఈ విద్యార్థిని రికార్డుల విషయంలో నమ్మదగినది కాదు' అని సంతకం పెట్టాను. నీకు ఉత్తరం రాసింది సలహాకి కాదు, నువ్వూ అవునంటే మనసు కుదుటపడుతుందని.

ఇప్పుడు ఆ కాగితం వెనక్కి తీసుకోవాలంటే డెబ్బై రెండు సంగతి కూడా చెప్పాలి. చూడని నంబర్లకి ముప్పై ఏడుమందికి మార్కులు వేశానని నా నోటితో నేనే ఒప్పుకోవాలి. నవంబరులో నా ఉద్యోగం సంగతి తేలుతుంది. బొటనవేలు గురించి మాత్రం చెప్పి, డెబ్బై రెండు గురించి ఊరుకుంటే పోదా? అందరూ చేసేదేగా. నువ్వూ చదువుకునేటప్పుడు రాసే ఉంటావు. అదేం పెద్ద విషయం కాదని ఒక్క ముక్క రాయి.

చిట్టి


క్వార్టర్స్,
సెప్టెంబరు 20.

చిట్టీ,

జవాబు ఆలస్యమైంది. రెండు కాగితాలు రాసి చించేశాను. ఇది మూడోది.

నువ్వు ఏడో తరగతిలో ఉండగా నేను నర్సింగ్ మొదటి ఏడాది మధ్యలో ఇంటికొచ్చేశాను, గుర్తుందా? పచ్చకామెర్లన్నాం. మూడు నెలలు ఉప్పూ కారం లేని తిండి తిన్నాను. నిన్ను చూసి నాకు నోరూరకూడదని అమ్మ నీకూ అదే పెట్టింది, నువ్వు కంచం తోసేసి అలిగేదానివి. నాకు కామెర్లూ రాలేదు, కాకరకాయా రాలేదు. నన్ను ఏడాదిపాటు ఆపేశారు.

మాకూ ల్యాబ్‌లో బొమ్మే. దానికి డెబ్బై రెండే. తర్వాత వార్డులో వేశారు. ఇరవై నాలుగు మంచాలు, ఉదయం డాక్టరు రౌండ్‌కి ముందే అందరి చార్టులూ నింపాలి. మొదట్లో నిజంగానే చూసేదాన్ని. ఆలస్యమైందని రెండుసార్లు తిట్టారు. మూడో వారానికి నాకు తెలివొచ్చింది. బాగున్నట్టు కనిపించినవాళ్ళకి చెయ్యి పట్టుకోకుండానే రాసేసేదాన్ని.

పదకొండో మంచం ఆయన వాచీలు బాగుచేసేవాడు. నా వాచీ రెండు నిమిషాలు ముందు నడుస్తోందని చూడగానే కనిపెట్టి, డిశ్చార్జి అయ్యాక సరిచేసిస్తానమ్మా అన్నాడు. ఆ ఉదయం దుప్పటి గుండెల దాకా కప్పుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోనీలే అనుకున్నాను. డెబ్బై రెండు రాశాను. పది నిమిషాలకి డాక్టరు వచ్చాడు. ఆయన పోయి అప్పటికే గంట దాటిందన్నారు. మంచం కాళ్ళ దగ్గర చార్టు వేలాడుతోంది, అందులో నా చేతిరాత, నా సంతకం.

నేను చెయ్యి పట్టుకున్నా ఆయన బతికేవాడు కాదని అందరూ అన్నారు. నిజమే కావచ్చు. కానీ ఆ గంటలో నేను ఆయన పక్కనుంచి రెండుసార్లు వెళ్ళాను చిట్టీ. ఇప్పటికీ పదకొండో మంచం చార్టు నేనే రాసుకుంటాను, మా వార్డు పిల్లలెవరికీ ఇవ్వను. ఎందుకని వాళ్ళు అడగరు, ముసలమ్మ చాదస్తమనుకుంటారు.

అదేం పెద్ద విషయం కాదని రాయమన్నావు. రాయలేను. సంతకం నీది. ఏం చేయాలో నేను చెప్పను. ఏం చేసినా నువ్వు నా చెల్లెలివే, అది మాత్రం మారదు.

ఇక ఆ పిల్ల చదువు. భయపడేదానికి పుస్తకం ముందు పెడితే అక్షరాలు కనిపించవు. ప్రశ్న చదివి, ఎదురుగా పేషెంటు తాలూకు మనిషి కూర్చుని "మా ఆయనకి ఏమైందమ్మా?" అని అడిగినట్టు అనుకోమను. నోటితో చెప్పించు. చెప్పింది చెప్పినట్టు రాయించు. పెద్ద మాటలు తర్వాత అతికించుకోవచ్చు. పరీక్ష హాల్లోకి వెళ్ళే ముందు తన పల్స్ తను చూసుకోమను, మూడు వేళ్ళతో, నిండా ఒక నిమిషం. లెక్కపెట్టేటప్పుడు భయపడటానికి తీరిక ఉండదు.

అక్క


హాస్టల్,
అక్టోబరు 1.

అక్కా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. నువ్వు ఇన్నేళ్ళు ఒక్కదానివే మోశావని ఏడుపు, కంచం తోసేసేదాన్నని ఏడుపు.

29వ తేదీన ప్రిన్సిపాల్ మేడమ్ గదికి వెళ్ళాను. ముప్పై ఎనిమిది చార్టులూ బల్ల మీద పెట్టాను. బొటనవేలు సంగతి చెప్పాను, నేను ఎక్కడ నిలబడి పాఠం చెప్పానో పెన్నుతో బొమ్మ గీసి చూపించాను. ఇక ఆగలేదు, డెబ్బై రెండు సంగతీ చెప్పేశాను. ఆమె ఒక్కో చార్టూ తీసి చూశారు. ముప్పై ఎనిమిదీ అయ్యేదాకా నన్ను కూర్చోమనలేదు. అప్పుడు కళ్ళజోడు తీసి, "మా బ్యాచ్‌లో డెబ్బై నాలుగు" అన్నారు.

ఆమె నవ్వలేదు, తిట్టలేదు. నా పాత కాగితం వెనక్కిచ్చారు. ముప్పై ఎనిమిది మందికీ పల్స్ మళ్ళీ నేర్పమన్నారు, ఒక్కొక్కరి చెయ్యీ చూసి. ప్రాక్టికల్ మార్కులన్నీ కొట్టేశారు, నవంబరులో మళ్ళీ టెస్టు, తనే వచ్చి కూర్చుంటారట. నా ఉద్యోగం ఖాయం చేయడం ఇంకో ఆరు నెలలకి జరిపారు. అయినా ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

అమ్మాయి పేరు జాబితాలోంచి తీయలేదు, జాబితానే నవంబరు దాకా ఆపారు. నిబంధన నిబంధనే. నవంబరులో ఆరుగురూ రెండు పేపర్లూ మళ్ళీ రాసి సగం మార్కులు తెచ్చుకోవాలి, ప్రాక్టికల్ పాసవ్వాలి. ఒక్కటి పోయినా హాల్ టికెట్ లేదు. చేతిలో ఆరు వారాలున్నాయి.

ఆ పిల్లకి క్షమాపణ చెప్పాను, క్లాసులో అందరి ముందూ. మొహమంతా ఎర్రబడి, "పర్లేదు మేడమ్, కూర్చోండి" అంది. టీచర్‌కి కూర్చోమని చెప్పాననుకుని నాలిక్కరుచుకుంది.

నీ చిట్టి


క్వార్టర్స్,
అక్టోబరు 8.

చిట్టీ,

శభాష్ అని రాస్తే నువ్వు నెత్తికెక్కుతావు. అందుకని రాయను. చదివి సంతోషంతో రెండు పూటలు కూరలో ఉప్పు మరిచిపోయాను, అంతే.

అమ్మ ఊరుకుంటుందా. "నీకు కామెర్లొచ్చినప్పుడైనా ఇంతకన్నా రుచిగా వండాను కదే" అంది. ఇంక దాచడం నా వల్ల కాలేదు. ఎదురుగా కూర్చుని అంతా చెప్పేశాను, వాచీల ఆయన సంగతి కూడా.

ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నది. చివరికి ఏమందో తెలుసా? "కళ్ళు తెల్లగా మల్లెపూవుల్లా ఉంటే కామెర్లెక్కడివే? నాకు మొదటి రోజే తెలుసు." మరి మూడు నెలలు ఆ తిండెందుకు పెట్టావమ్మా అన్నాను. "కారం కావాలని నువ్వు ఒక్కరోజు కూడా అడగలేదు. అంటే ఏదో పెద్దదే జరిగింది, నోరు విప్పలేకపోతోంది అనుకున్నా. చెప్పినప్పుడే చెబుతుందిలే అని ఊరుకున్నా" అంది. ఇరవై ఎనిమిదేళ్ళు ఊరుకుంది మహాతల్లి! ఇద్దరం ఏడ్చాం. తర్వాత ఆ చిక్కుడుకాయల్లో రెట్టింపు కారం వేసింది.

నీకు అనవసరంగా చప్పిడి తిండి పెట్టినందుకు మాత్రం బాధపడుతోంది. ఫోన్‌లో అడుగు, ఒప్పుకుంటుంది.

ఆరుగురినీ కలిపి కూర్చోబెట్టు. ఒక్కదాన్నే పిలిస్తే మళ్ళీ దాన్ని వేలెత్తి చూపినట్టవుతుంది.

అక్క


హాస్టల్,
నవంబరు 16.

అక్కా,

ముందే చెప్పేస్తాను, నువ్వు చివరి పేజీ తిప్పి చూస్తావని తెలుసు. హాల్ టికెట్ వచ్చింది. ఇక నిదానంగా చదువు.

ఆరు వారాలూ వార్డు డ్యూటీ అయ్యాక నాలుగింటికి ల్యాబ్‌లో కూర్చున్నాం. మొదటి రోజు ఆరుగురూ శిక్షకి వచ్చినట్టు మొహాలు వేలాడేసుకుని వచ్చారు. బిస్కెట్లు పెట్టాను, ఒక్కరూ ముట్టుకోలేదు. నువ్వు చెప్పినట్టు నేనే పేషెంటు భార్యనయ్యాను. "అమ్మా, మా ఆయన గుండె పెద్దదైందన్నారు, మంచిదేగా?" అన్నాను. నూట పద్దెనిమిది ఫక్కున నవ్వింది. తర్వాత నా పక్కన కూర్చుని, గుండె ఎందుకు పెద్దదవుతుందో, కాళ్ళలోకి నీరెందుకు దిగుతుందో ఎంత చక్కగా చెప్పిందనుకున్నావ్! అంతకు ముందు అదే ప్రశ్నకి నాలుగు లైన్లు రాసి వదిలేసిన పిల్ల. చెప్పిందంతా రాయించాను, మూడు పేజీలయింది. రెండో వారానికి వాళ్ళలో వాళ్ళే భార్యలూ అత్తలూ అయిపోయారు. ఒకమ్మాయి గయ్యాళి అత్త వేషం కట్టి కిడ్నీ గురించి నిలదీసింది, ఆ పాఠం ఎవరూ జన్మలో మర్చిపోరు.

రెండు పేపర్లలోనూ ఐదుగురు గట్టెక్కారు. ఒకమ్మాయికి ఫిజియాలజీలో మూడు మార్కులు తక్కువ. ఆమెకి ఈ ఏడాది హాల్ టికెట్ లేదు. వచ్చే ఏడాది కూడా నాలుగింటికి రమ్మన్నాను. మన అమ్మాయికి యాభైకి ఒకదాంట్లో ముప్పై ఒకటి, ఇంకోదాంట్లో ఇరవై ఏడు.

నిన్న ప్రాక్టికల్. ఈసారి ఒకరి చేతులు ఒకరికిస్తారని పిల్లలంతా అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. వెళ్ళి చూస్తే మంచం మీద మళ్ళీ పెదనాన్నగారే. ప్రిన్సిపాల్ మేడమ్ ఎవరికీ ఏమీ చెప్పలేదు, మూలన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను కూడా నోరు విప్పకూడదట, తలుపు దగ్గర నిలబడమన్నారు.

అంతకుముందు నేర్పిందంతా ఒకరి చేతులు ఒకరు పట్టుకునే. అయినా మొదట వచ్చిన నలుగురిలో ఇద్దరు బొమ్మని చూడగానే పాత అలవాటుగా డెబ్బై రెండు రాసి పెట్టారు. మిగతా ఇద్దరు ఏం రాయాలో తెలియక పల్స్ గడి ఖాళీగా వదిలేశారు.

ఐదోది మన పిల్ల. బయట బెంచీ మీద తన పల్స్ తను చూసుకుని వచ్చింది. ఎనభై నాలుగు, తర్వాత చెప్పింది. చేతులు కడుక్కుంది. బొమ్మ దగ్గరికి వెళ్ళి, "పెదనాన్నగారూ, మీ పల్స్ చూస్తానండీ" అంది. మేడమ్ ముందు! నాకు నవ్వాగలేదు, చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మూడు వేళ్ళూ సరైన చోట పెట్టింది. వాచీ చూసింది. వేళ్ళు కాస్త జరిపి మళ్ళీ చూసింది. అవతలి చెయ్యి పట్టుకుంది. మెడ దగ్గర వేళ్ళు పెట్టింది. పెన్ను ముట్టుకోలేదు. ఒక్కసారి తలెత్తి తలుపువైపు తిరిగి, "సిస్టర్! పల్స్ అందడం లేదు, త్వరగా రండి!" అని కేక పెట్టింది. ఆ కేకకి వరండాలో ఊడుస్తున్న ఆయమ్మ కూడా లోపలికి తొంగిచూసింది.

అక్కా, నేను పరిగెత్తాను. అది రబ్బరు బొమ్మని నాకు తెలుసు, ఒక చెవి లేదనీ తెలుసు. అయినా తలుపు దగ్గర్నుంచి మంచం దాకా ఒక్క ఉదుటున పరిగెత్తి దాని చెయ్యి పట్టుకున్నాను. నేను అవతలివైపు వచ్చేసరికి ఆ పిల్ల అప్పటికే రెండు చేతులూ బొమ్మ ఛాతీ మీద పెట్టి నొక్కుతోంది.

మేడమ్ లేచి వచ్చి, "చాలమ్మా, ఇప్పుడు రాయి" అన్నారు. ఆ పిల్ల రాసింది. ఆ చార్టు జిరాక్స్ తీసి ఇందులో పెట్టాను, ఇది నీకే. పల్స్ గడిలో చూడు. 'అందలేదు. రెండు చేతులూ, మెడా చూశాను. సిస్టర్‌ని పిలిచాను, వచ్చారు.'

నీ చిట్టి